బొట్టు ఆగిన చోటు

2016 అక్టోబరు 15, శనివారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు మా ఆయన వేసిన బాణం ఎడమకు పోయింది. గురి మధ్య నుంచి సరిగ్గా ఒక జానెడు. అప్పటికి నాలుగేళ్లుగా అదే విల్లు, అవే బాణాలు, అదే పదిహేను మీటర్ల దూరం. గాలి లేదు. పచ్చిక మీద పొగమంచు ఎంత చిక్కగా కూర్చుందంటే బాణం వెళ్లడం నాకు కనబడలేదు. గడ్డి మోపుకు తగిలిన చప్పుడు మాత్రం, పక్కగదిలో ఎవరో దిండు దులిపినట్టు, మెత్తగా వినిపించింది.

రెండోది వేశారు. అదీ ఎడమకే. మూడోదీ అంతే. దగ్గరికి వెళ్లి చూస్తే మూడూ కూడబలుక్కున్నట్టు ఒకేచోట దిగి ఉన్నాయి. చేయి వణికితే బాణాలు తలో దారీ పోతాయి. అన్నీ కలిసి ఒకే పక్కకు పోయాయంటే వాటికేదో కారణం ఉండాలి. ఆ కారణం వెతకడానికి నాకు సరిగ్గా రెండు వారాలు పట్టింది. దొరికాక, వెతక్కుండా ఉండాల్సింది అని ఎన్నిసార్లు అనుకున్నానో మాత్రం లెక్కపెట్టలేదు.

మేము హామిల్టన్‌లో, రోటోటూనాలో, మా అమ్మాయి ఇంటి వెనక ఉన్న చిన్న వాటాలో ఉంటాం. నేను కాకినాడలో తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. బజారు కాటాలు పరీక్షించడం, తూకపు రాళ్లకు ముద్ర వేయడం నా ఉద్యోగం. ఆయన బ్యాంకులో చేశారు. ఈ దేశం వచ్చాక మొదటి రెండేళ్లు ఆయన ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి నడిచేవారు. ఇల్లు అల్లుడిది, కారు అమ్మాయిది, చేతిలో ఫోను కూడా వాళ్లు కొనిచ్చిందే. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయనకు కష్టంగా ఉండేది. కడుపునిండా తిని, చేయి కడుక్కుని, "ఈ ఇంట్లో నేను పెట్టింది ఉప్పురాయి కూడా లేదు" అనేవారు.

అలాంటి రోజుల్లో ఒక ఫిజీ ఆయన పరిచయమయ్యాడు. మాకంటే పదేళ్లు చిన్న. అతని ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్లిన మనిషి. ఆ ఓడలో వెళ్లిన తెలుగు ఎక్కువ అరగకుండా ఇతని నోట్లో ఉంది, మధ్యమధ్య హిందీ, ఇంగ్లీషు కలిసి. నన్ను అక్కా అని, ఆయన్ను అన్నా అని పిలిచేవాడు. రగ్లాన్ వెళ్లే దారిలో కొండ వాలున చిన్న ఫారం ఉంది అతనికి. వెనక అడవిలోంచి మేకలు దిగి వస్తాయి. ఎవరివీ కాని అడవి మేకలు. గడ్డీ, లేత మొక్కలూ తినేస్తాయని ఇక్కడి రైతులకు వాటిమీద కోపం. మనవాళ్లకు మేక మాంసం మీద ప్రాణం. ఫిజీ తమ్ముడు తుపాకీ ముట్టడు. అతని దగ్గర ఒక విల్లు ఉండేది, కొసలు వెనక్కి వంపు తిరిగినది, రికర్వ్ అంటారు. చక్రాలు, దుర్భిణీలు ఏమీ ఉండవు. కర్ర, తాడు, మనిషి.

2012 నవంబరులో ఒక శనివారం అతను ఆ విల్లు మా ఆయన చేతికిచ్చాడు. ఆయన తాడు చెంప దాకా లాగి, వదలకుండా, కాసేపు అలా నిలబడ్డారు. అరవై ఆరేళ్ల మనిషి వెన్ను అంత నిటారుగా అవడం నేను అంతకుముందు మా పెళ్లి ఫోటోలోనే చూశాను.

విల్లు ఆయనది. బాణాలు నావి. అలా ఎవరం అనుకోలేదు, అయిపోయింది. తమ్ముడు నలభై కాడలు కట్టగా తెచ్చి మా భోజనాల బల్ల మీద పెట్టాడు. దేవదారు జాతి కర్ర. కట్ట విప్పగానే ఇల్లంతా కొత్త పెన్సిలు చెక్కిన వాసన. "అక్కా, వీట్లో పన్నెండు ఏరండి. పన్నెండూ అన్నదమ్ముల్లాగుండాల," అన్నాడు.

"అన్నదమ్ములు ఒకలా ఉండడం నువ్వెక్కడ చూశావు?" అన్నారు ఆయన.

ఆ రోజులు నాకు ఇప్పటికీ కలలాగే గుర్తు. పొద్దున్నే అందరూ వెళ్లిపోయాక, కిటికీ బయట ఏమీ లేనట్టు తెల్లగా మంచు. నేను ఒక్కో కాడనూ గాజుబల్ల మీద దొర్లించి చెవి ఆనించేదాన్ని. వంకర ఉన్న కాడ టకటకమంటుంది. తిన్నని కాడ ఏమీ మాట్లాడకుండా అటు చివరకు వెళ్లిపోతుంది. తరవాత బరువు. బాణాల బరువు గ్రెయిన్లలో చూస్తారు. మన కంసాలి గురిగింజకు రెండు గ్రెయిన్లు, కాస్త తక్కువ. ఆ పోలిక దొరికాక నాకు పరాయి లెక్క అనిపించలేదు. పన్నెండు కాడల మధ్య తేడా అయిదు గురిగింజలు దాటకూడదని పెట్టుకున్నాను.

అన్నిటికంటే ముఖ్యం బిరుసు. విల్లు తాడు వదిలినప్పుడు బాణం తిన్నగా పోదు. చేపలా ఒకసారి మెలి తిరిగి, విల్లును తప్పించుకుని, అప్పుడు తిన్నబడుతుంది. విల్లు బలానికి తగినంత వంగితే మధ్యకు పోతుంది. మెత్తనైతే కుడికి, బిరుసైతే ఎడమకు పోతుంది, కుడిచేత్తో లాగేవాళ్లకు. బిరుసు కొలవడానికి చెక్క మీద ఇరవై ఆరంగుళాల దూరంలో రెండు మేకులు కొట్టి, వాటి మీద కాడ పడుకోబెట్టి, నడుమ తొమ్మిది వందల ఏడు గ్రాముల బియ్యం సంచి వేలాడదీశాను. అంటే రెండు పౌన్లు. కాడ ఎంత కుంగిందో చూసి దాని ఒంటి మీదే పెన్సిలుతో రాశాను. అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి చూసి, "అమ్మా, డైనింగ్ టేబుల్‌కి మేకులేంటి?" అంది.

"టేబుల్‌కి కాదు, చెక్కకి."

"బియ్యం ఎందుకు వేలాడుతున్నాయి?"

"తూకానికి."

అమ్మాయి బూట్లు విప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఈకలు సీమకోడివి. ఒక్కో బాణానికి మూడు. అతికించే ముందు ఒకటి రెండు బాణాలు ఈకలు లేకుండానే వేసి చూడాలి. ఈకలు బాణం తప్పును దారిలో సర్దేస్తాయి. ఈకల్లేని బాణం ఏదీ దాచదు. దాన్ని చూసుకుంటూ ముందరి ములికి బరువు మార్చాలి. ములికి బరువు పెరిగితే కాడ మెత్తనిదానిలా వంగుతుంది, తగ్గితే బిరుసెక్కినట్టు ఉంటుంది. నూట ఇరవై అయిదు గ్రెయిన్ల దగ్గర మా బాణాలు మధ్యకు వచ్చాయి. సంచిలో నలిగిన ఈకలను ఇడ్లీ పాత్ర ఆవిరికి పట్టేదాన్ని. ఒక్క నిమిషంలో అవి నిద్ర లేచినట్టు విచ్చుకునేవి. ఆ తర్వాత అదే నీళ్ల మీద ఇడ్లీలు వేసేదాన్ని కాదు. నీళ్లు మార్చేదాన్ని. ఆయన మాత్రం తింటూ "ఈరోజు ఇడ్లీ ఎగిరిపోతోంది" అనేవారు.

విల్లు లాగుడు బరువు నలభై అయిదు పౌన్లు, తాడును ఇరవై ఎనిమిది అంగుళాలు లాగితే. తమ్ముడు మొదటి రోజే ఒక మాట చెప్పాడు. "అన్నా, నలబై కిందికొస్తే మేక్కి కొట్టొద్దు. బాణం దిగతాది గానీ సావదు." ఆయన సరేనన్నారు. ఆ మాట బరువు మాత్రం మరుసటి ఏడు తెలిసింది. కొండ వెనక ఎవరో కొట్టి వదిలేసిన మేక ఒకటి, డొక్కలో బాణం వేలాడుతూ, మా ముందు నుంచి నడిచి వెళ్లింది. మేత కోసం తల దించుతోంది, నొప్పికి ఎత్తుతోంది. తమ్ముడు దాని వెనకాలే వెళ్లి పని ముగించి వచ్చాడు. ఆయన ట్రక్కెక్కి, దారంతా కిటికీలోంచి బయటకే చూస్తూ కూర్చున్నారు. మా వీధి మలుపు తిరిగాక, "నలభై అంటే నలభయ్యే. నువ్వు చూస్తూ ఉండు," అన్నారు నాతో. అలా విల్లు లాగుడు తూచే కాటా నా చేతికొచ్చింది.

నాలుగేళ్లలో ఆయన అయిదు మేకలు తెచ్చారు. ఐదే. కానీ ఆ ఐదుసార్లూ అమ్మాయి ఇంట్లో బల్ల చుట్టూ కుర్చీలు చాలలేదు. "అంకుల్, ఇది మీరు కొట్టిందా నిజంగా?" అని పిల్లలు అడిగేవారు. ఆయన గిన్నె వాళ్ల వైపు జరిపేవారు. ఆ జరపడంలో ఆయన బ్యాంకు ఉద్యోగం, జీతం రోజులు, చేతిలో సంచి నింపుకుని గుమ్మం ఎక్కిన సాయంత్రాలు అన్నీ ఉండేవి. ఉప్పురాయి మాట మళ్లీ ఎప్పుడూ అనలేదు.

దసరాకు గ్యారేజీలో ఆయుధపూజ చేసేవాళ్లం. పీట మీద విల్లు, బాణాలు, నా కాటా, కూరల కత్తి. కింద అమ్మాయి కారు. గంధంలో కుంకుమ కలిపి ఒక్కో బాణానికి ఒక్కో బొట్టు పెట్టేదాన్ని. తాడు పట్టే గాడి నుంచి కొలిచి, సరిగ్గా ఇరవై ఎనిమిది అంగుళాల దగ్గర, ములికికి కొంచెం వెనకగా.

"బొట్టు స్కేలు పెట్టి పెట్టేదాన్ని ఈ లోకంలో నిన్నొక్కదాన్నే చూశాను," అనేవారు ఆయన.

2013 దసరా తర్వాతి శనివారం, ఆయన తాడు పూర్తిగా లాగినప్పుడు ఆ బొట్టు సరిగ్గా విల్లు దగ్గరకొచ్చి ఆగింది. బాణం ఆనే చోట విల్లుకు ఒక తోలు ముక్క అతికించి ఉంటుంది. సాయంత్రానికి ఆ తోలు ఎర్రబడింది. ఆయన దాన్ని నాకు చూపించి, "విల్లు కూడా పెట్టించుకుంది చూడు, అడక్కుండానే," అన్నారు. మరుసటేడూ ఎర్రబడింది. 2015లో పాత తోలు అరిగిపోతే కొత్తది వేశాం. అది తెల్లగానే ఉండిపోయింది. ఆ ఏడు కుంకుమ మంచి రకం దొరికిందనుకున్నాను.

ఇప్పుడు మళ్లీ ఆ శనివారానికి వస్తాను. అంతకు ముందు మంగళవారమే దసరా అయింది. బాణాలు ఐదు మిగిలి ఉన్నాయి, ఐదింటికీ కొత్త బొట్లు ఉన్నాయి. మూడు బాణాలు ఎడమకు పోయేసరికి ఆయన వాటిని పీకి, తిప్పి తిప్పి చూసి, "బొట్టు," అన్నారు.

"బొట్టుకేమైంది?"

"ఈసారి ముద్దగా పెట్టావు. గంధం ఎండి బిగుసుకుంది. కర్ర బిరుసెక్కింది."

"కందిగింజంత పెట్టాను. ఏటా అంతే."

తమ్ముడు గమ్ బూట్లలో మంచులోంచి నడిచి వచ్చాడు. "అక్కా, బొట్టు ఏటి బరువుంటాది?"

"అర గురిగింజ ఉంటుందేమో."

"అర గురిగింజకే జానెడు పోతాదా అన్నా? మేకలు ఇంటే నవ్వుతాయి."

"గురిగింజ తన నలుపు తానెరగదట," అన్నారు ఆయన, నా వైపు చూడకుండా. "పెట్టినావిడకి బొట్టు తప్పు ఎలా కనబడుతుంది?"

నాకు రోషం వచ్చింది. కొంగు తడిపి, అక్కడే నిలబడి తుడవడం మొదలుపెట్టాను. నాలుగు బాణాలు తుడిచాక ఆయన చేయి అడ్డం పెట్టారు. "పూజలో పెట్టింది. వారం తిరక్కుండా అన్నీ తుడిచేస్తావా?"

"తప్పు దానిదేనన్నారుగా."

"ఒకదానికి ఉండనీ. ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది."

"ఎవరు?"

"అమ్మవారు."

తమ్ముడు నవ్వు ఆపుకుంటూ అటు తిరిగాడు. తుడిచిన నాలుగూ వేశారు. నాలుగూ ఎడమకే పోయాయి. అందుకు నాకు సంతోషం కలిగింది. అది ఎలాంటి సంతోషమో అప్పుడు నాకు తెలియదు.

ఆ బుధవారం మేకుల చెక్క తీసి, ఐదు కాడలనూ మళ్లీ పరీక్షించాను. బియ్యం సంచి మళ్లీ తూచాను, పురుగు తిని తగ్గిందేమోనని. కాడల మీద పాత పెన్సిలు అంకెలు చెరిగిపోలేదు. కొత్త కుంగుడు పాత అంకె మీద సరిగ్గా కూర్చుంది, ఐదింటికీ. బాణాలు బిరుసెక్కలేదు. అవి నాలుగేళ్ల కిందట ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

అయినా ఎడమకు పోతున్నాయి కాబట్టి మందు ఒకటే. తమ్ముడి పెట్టెలోంచి బరువు ములుకులు తెప్పించాను, నూట అరవై గ్రెయిన్లవి. పాతవి వేడి చేసి లాగి, ఇవి అతికించాను. 22వ తేదీ శనివారం ఈకల్లేని కాడ ఒకటి వేయిస్తే మధ్యకు పోయింది. ఈకలున్నవీ దాని పక్కనే వాలాయి. ఆయన ముఖం చూడాలి. విల్లును పసిపిల్లలా భుజాన వేసుకుని, "మా ఇంటావిడ ఉండగా నాకు విశ్వకర్మ ఎందుకోయ్," అన్నారు తమ్ముడితో. ఫ్లాస్కు తెస్తానని గేటు అవతల ఆపిన ట్రక్కు వైపు నడిచారు. మంచు ఆయన్ను మోకాళ్ల నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా తీసేసుకుంది.

ఆయన కనబడకుండా పోయాక నేను సంచిలోంచి వేలాడే కాటా తీశాను. "తమ్ముడూ, విల్లు తూచాలి. ఇరవై ఎనిమిది లాగు."

షెడ్డు దూలానికి కాటా తగిలించి, తాడు దాని కొక్కేనికి పెట్టి, అతను విల్లును కిందికి లాగాడు. బాణం మీద ఇరవై ఎనిమిది వచ్చేసరికి ముల్లు నలభై అయిదు చూపించింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"విల్లు బాగుందక్కా," అన్నాడు.

"బాగుంది."

"బాణాలూ బాగున్నాయన్నారు గదా."

"బాగున్నాయి."

అతను వంగి బూటు సర్దుకున్నాడు. అప్పటికే సర్ది ఉన్న బూటు. బాణం మారలేదు, విల్లు మారలేదు. లెక్కలో ఇంక మిగిలిన గీత ఒక్కటే. దాన్ని నేను ఆ రోజు రాయలేదు. మంచులోంచి ఆయన ఈల ముందు వచ్చింది, తర్వాత ఫ్లాస్కు, తర్వాత ఆయన.

దీపావళి మరుసటి వారం ఆదివారం. మర్నాడు సోమవారం రాత్రి భోజనాలకు అమ్మాయి నాలుగు కుటుంబాలను పిలిచింది. ఫోనులో చెబుతుంటే వంటింట్లో నాకు వినబడింది. "మటన్ సంగతి నాన్న చూసుకుంటారు." హాల్లో పేపరు చదువుతున్న ఆయనకూ వినబడింది. పేజీ తిప్పలేదు చాలాసేపు.

29వ తేదీ శనివారం తెల్లవారకముందే బయల్దేరాం. కొండ ఎక్కుతుంటే కింద లోయలన్నీ మంచుతో నిండి, పాల మీద మీగడ కట్టినట్టు, ఎక్కడా గాటు లేకుండా ఉన్నాయి. మేము ఆ మీగడ మీద నడుస్తున్నట్టే ఉంది. తమ్ముడు ముందు, ఆయన మధ్య, నేను వెనక. బాణం ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకోవడం నా పని. అందుకే ఎప్పుడూ ఆయనకు ఎడమగా, రెండడుగుల వెనక నిలబడేదాన్ని.

మేక తనంత తానే వచ్చింది. మంచులోంచి ముందు కొమ్ములు, తర్వాత నల్లని మెడ, వీపు మీద ఒక తెల్లమచ్చ. పన్నెండు మీటర్లు ఉంటుంది. పక్కకు తిరిగి నిలబడి, ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు నములుతోంది. ఆయన బొట్టున్న బాణం తీశారు, అమ్మవారికని ఉంచినది. తాడుకు పెట్టి, ఎత్తి, లాగారు.

బొట్టు వెనక్కి వచ్చింది. వస్తూ వస్తూ ఆగింది. విల్లు మీది తోలుకూ ఆ బొట్టుకూ మధ్య మూడు వేళ్ల కర్ర బయటే ఉండిపోయింది. తెల్లటి మంచులో ఆ ఎర్రని చుక్క దేనికీ ఆనకుండా, ఒంటరిగా, కొంచెం వణుకుతూ నిలబడింది. నేను రాయకుండా వదిలిన గీత మీదికి అదే వచ్చి కూర్చుంది. లాగుడు తగ్గితే విల్లు బలం తగ్గుతుంది, ఆ బలానికి పాత బాణమే బిరుసవుతుంది. బరువు ములికితో బాణం ఇప్పుడు మధ్యకు పోతుంది. పోయేలా చేసింది నేనే. ఈ లాగుడుతో వదిలితే అది తిన్నగా వెళ్లి, సగం దిగుతుంది.

దగ్గితే మేక పారిపోతుంది. నా గొంతు దాకా వచ్చింది. కానీ ఆయన కళ్లు మేక మీద లేవు. చేతి ముందున్న ఆ మూడు వేళ్ల కర్ర మీద ఉన్నాయి. భుజాన్ని ఇంకొంచెం వెనక్కి జరపడానికి చూశారు. చొక్కా కింద ఎముక కదలడం కనబడింది. బొట్టు ఒక నూలుపోగంత వచ్చి, మళ్లీ ముందుకు పోయింది.

ఆయన తాడును వదల్లేదు. నెమ్మదిగా, నిద్రపోతున్న పిల్లాణ్ణి మంచం మీద దించినట్టు, ముందుకు దించేశారు.

మేక ముక్కుతో చీదింది. మమ్మల్ని ముగ్గుర్నీ ఒకసారి చూసి, తొందరేమీ లేకుండా మంచులోకి వెళ్లిపోయింది. దాని వెనక మరి రెండు, మేము చూడనే లేదు, అవీ వెళ్లాయి.

"ఏటన్నా?" అన్నాడు తమ్ముడు, చాలా మెల్లిగా.

"పొద అడ్డం వచ్చింది."

అక్కడ పొద లేదు. తమ్ముడు తల ఊపాడు. "అవునన్నా. ఆ పొద ఎదవ పొద," అన్నాడు.

ఇంటికి వచ్చాక ఆయన గ్యారేజీలోకి వెళ్లి, నా కాటా ఆయనే తీసి, దూలానికి తగిలించి, నన్ను పిలిచారు. "ఏమోయ్, తూచు."

ముందు మామూలుగా వేసేటట్టు లాగించాను. తోలు దగ్గర బాణానికి బట్టల క్లిప్పు పెట్టాను. ఇరవై అయిదున్నర అంగుళాలు. తర్వాత తాడు కొక్కేనికి పెట్టి, క్లిప్పు తోలును తాకేదాకా ఆయన విల్లును రెండు చేతులతో కిందికి లాగారు. నేను చదివాను.

"ముప్పై ఎనిమిదిన్నర."

"మళ్లీ చూడు."

మళ్లీ చూశాను. మూడోసారి ఆయన అడక్కుండానే చూశాను. శాఖలో అది పద్ధతి, మూడుసార్లు. మూడుసార్లూ ముల్లు అక్కడే నిలబడింది.

"నలభైకి ఎంత తక్కువ?"

"ఒకటిన్నర."

"బజార్లో వంకాయలకి అంత మొగ్గు ఇస్తారు."

"వంకాయలకిస్తారు."

ఆయన నవ్వారు, ఆ రోజుకి మొదటిసారి. అమ్మాయి కారు బానెట్టుకు ఆనుకుని కుడి భుజం పట్టుకున్నారు. ఏడాదిగా కాఫీ గ్లాసు ఎడమచేత్తో ఎత్తడం, పై అరలోది నన్ను అందించమనడం, ఆ పక్కకు తిరిగి పడుకోకపోవడం అన్నీ నా కళ్ల ముందే జరిగాయి. నేను చూసింది బాణాలను.

"పోయినేడు దసరాకే తోలు ఎర్రబడలేదు," అన్నారు. "నువ్వు కనిపెడతావేమోనని చూశాను."

"కుంకుమ మంచి రకం అనుకున్నాను."

"అలాగే అనుకుంటే బాగుండునని నేనూ అనుకున్నాను."

 పక్కింటివాళ్ల గడ్డి కోసే యంత్రం ఎక్కడో దూరాన తిరుగుతోంది.

"ఉద్యోగంలో ఎవరికైనా మొగ్గు ఇచ్చావా నువ్వు?" అని అడిగారు.

"లేదు."

"మరి మొగుడికిస్తే ఏం బాగుంటుంది?" అని, విల్లు తాడు ఆయనే దించేశారు. తాడు దించగానే విల్లు ఊపిరి వదిలినట్టు తిన్నగా అయింది.

తర్వాత తమ్ముడు తేలిక విల్లు తెస్తానన్నాడు. దానితో గురి కొట్టచ్చు, మేకను కొట్టకూడదు. ఆయన వద్దన్నారు. తుపాకీ మాట ఎత్తితే నవ్వారు. మరో రెండు శనివారాలు విల్లు లేకుండా కొండకు వెళ్లి, మంచు చూసి, టీ తాగి వచ్చాం. మూడో శనివారం ఆయన లేచి, ముఖం కడుక్కుని, కిటికీ దగ్గర నిలబడ్డారు. నేను పిలవలేదు.

దీపావళి మర్నాడు, ఆ సోమవారం రాత్రి, మాంసం దుకాణం నుంచి వచ్చింది. వచ్చినవాళ్లలో ఒకబ్బాయి గిన్నె మూత తీస్తూ, "అంకుల్, ఇది మీ హంటింగేనా?" అన్నాడు.

"కాదు బాబూ. కొన్నది," అన్నారు ఆయన. గిన్నె జరపలేదు. అమ్మాయే లేచి అందరికీ వడ్డించింది.

ఇప్పటికీ మంచు పట్టిన పొద్దున్న, నిద్రకూ మెలకువకూ మధ్య, దేనికీ ఆనకుండా నిలబడిన ఆ ఎర్రని చుక్క నాకు కనబడుతుంది. దాన్ని వేలితో కొంచెం, మూడు వేళ్ల దూరమే, వెనక్కి నెడదామని చూస్తాను. అందదు.

పోయినవి. బాణాలు ఏడు: మూడు గడ్డిలో, రెండు రాళ్ల మీద, రెండు మేకల ఒంట్లో. తోలు ముక్క ఒకటి. మా ఆయన కుడి భుజంలో రెండున్నర అంగుళాలు. ఆరున్నర పౌన్లు, అవి విల్లువి కావు. శనివారాలు, నవంబరు మూడోది మొదలుకొని అన్నీ.

మిగిలినవి బాణాలు ఐదు. ఒకదానికి బొట్టుంది.